అద్దె విద్యుత్ స్కూటర్ల నిషేధం – పూర్వాపరాలు

ఫ్రాన్స్ రాజధాని పారిస్ నగరంలో నిలబడి నడిపే విద్యుత్ స్కూటర్ల అద్దె సేవలు 2023 ఆగస్టు 31తో ముగిశాయి. ఈ నిషేధం అద్దె సేవలకే వర్తించింది. పౌరులు సొంత స్కూటర్లను నిబంధనలకు లోబడి నడుపుకొనే వీలు యథాతథంగా కొనసాగింది.

నేపథ్యం

పారిస్‌లో ఈ సేవలు 2018లో ప్రారంభమయ్యాయి. మొదట్లో అనుమతుల విధానం లేనందున పదికి పైగా సంస్థలు రంగప్రవేశం చేశాయి. 2019 నాటికి వాహనాల సంఖ్య సుమారు 20 వేలకు చేరింది. సెల్‌ఫోన్ ద్వారా అద్దెకు తీసుకున్న స్కూటర్‌ను ప్రయాణం ముగిసిన చోటే వదలివేసే వెసులుబాటు వల్ల కాలిబాటలు నిండిపోయి వృద్ధులు, అంధులు, పిల్లల తల్లులు ఇబ్బందులకు గురయ్యారు.

2020లో నగర పాలక సంస్థ లైమ్, డాట్, టియర్ అనే మూడు సంస్థలను మాత్రమే ఎంపిక చేసి, ఒక్కొక్కదానికి 5 వేల వాహనాల పరిమితి విధించింది. 2021లో స్కూటర్ ఢీకొని ఒక పాదచారిణి మరణించిన అనంతరం, రద్దీ ప్రాంతాలలో వేగాన్ని గంటకు 10 కిలోమీటర్లకు తగ్గించారు.

ప్రజాభిప్రాయ సేకరణ

2023 ఏప్రిల్ 2న జరిగిన ఓటింగ్‌లో 89.03 శాతం మంది అద్దె స్కూటర్లను వ్యతిరేకించారు. అయితే ఓటర్లలో పాల్గొన్నవారు 7.46 శాతం మాత్రమే. ఈ అంశాన్ని నిర్వాహక సంస్థలు ఎత్తిచూపినప్పటికీ, నగర పాలక సంస్థ తీర్పును గౌరవించి, గడువు ముగిసిన ఒప్పందాలను పునరుద్ధరించలేదు. మాల్టా, స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ కూడా 2024లో అద్దె స్కూటర్లకు స్వస్తి పలికాయి.

పొరుగు రాష్ట్రంలో

కర్ణాటక ప్రభుత్వం 2021లో విద్యుత్ బైక్ టాక్సీ పథకాన్ని ప్రవేశపెట్టింది. ఇందులో చోదకుడు ప్రయాణికుని వెనుక కూర్చోబెట్టుకొని తీసుకువెళతాడు. సొంత అవసరాలకు రిజిస్టరైన వాహనాలను టాక్సీలుగా నడపడం, ఆటో, టాక్సీ డ్రైవర్లతో ఘర్షణలు, మహిళల భద్రత వంటి కారణాలతో 2024 మార్చిలో ప్రభుత్వం ఆ పథకాన్ని ఉపసంహరించుకుంది.

చట్టపరమైన స్థితి

కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం 250 వాట్ల లోపు సామర్థ్యం, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం గల బ్యాటరీ వాహనాలను, ఇతర షరతులకు లోబడి, మోటారు వాహనాలుగా పరిగణించరు. అంతకు మించినవాటికి రిజిస్ట్రేషన్, బీమా, చోదకునికి లైసెన్సు తప్పనిసరి.

చిన్న పట్టణాలకు పాఠం

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట చెన్నై నుంచి సబర్బన్ రైళ్లు వచ్చే స్టేషను. అంతరిక్ష కేంద్రం గల శ్రీహరికోట ఇక్కడికి సుమారు 18 కిలోమీటర్లు. రైలు దిగినవారు గమ్యం చేరడానికి చవకైన వాహన సదుపాయం ఇటువంటి పట్టణాలకు అవసరమే. వాహనాల సంఖ్య, నిలుపు స్థలాలు, వేగ పరిమితి, ప్రమాద బాధ్యత, ఒప్పంద కాలం ముందే నిర్ణయించుకోవాలని పారిస్ అనుభవం సూచిస్తోంది. అక్కడ సంస్థల సంఖ్యకు పరిమితి సేవలు మొదలైన రెండేళ్లకు గాని రాలేదు. అయితే ఒప్పందాలకు గడువు ఉన్నందున, ప్రజల అభిప్రాయం వెలువడిన అయిదు నెలలలోనే సేవలను ముగించడం సాధ్యమైంది.