ముంగిలిలో వెలసిన అంగళ్లు

బోస్టను నగరమునందలి న్యూబరీ వీథి నేడు అంగళ్లకు ప్రసిద్ధి కెక్కినది గాని, అచట ఉమ్మడి గోడలతో ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన ఎఱ్ఱయిటుక మేడలలో అధికభాగము సంపన్న గృహస్థుల నివాసార్థమై వెలసినవి. సముద్రపు పోటునకు మునుగుచు ఆటునకు తేలుచుండిన బురదనేలను, 1857 ప్రాంతమున మొదలిడి, సుమారు తొమ్మిది మైళ్ల దూరమందలి నీడమ్ నుండి రైళ్లు రాత్రింబవళ్లు మోసి తెచ్చిన కంకరతో పూడ్చి, ఆ పూడికపై ఈ పేటను నిర్మించిరి. దీనినే బ్యాక్ బే అందురు. ఇండ్లు మూడంతస్తులకు తక్కువ కారాదనియు, వీథినుండి సుమారు 20 అడుగులు వెనుకకు జరిగి నిలువవలెననియు ప్రభుత్వము తాను విక్రయించిన స్థలముల దస్తావేజులలో నియమము వ్రాసెను.

ఇరువదవ శతాబ్దారంభమున అంగళ్లు ప్రవేశించినపుడు ఆ ముంగిలియే వానికి పెన్నిధి యయ్యెను. సగము నేలలోనికి దిగిన క్రింది అంతస్తున వంటయిల్లు, మెట్లెక్కిన పిదప చావడి, ఆపైన పడకగదులు—ఇది పూర్వపు అమరిక. వర్తకులు వంటయింటి కిటికీని వెడల్పుచేసి అద్దము బిగించిరి. చావడిని మఱొక అంగడి కిచ్చిరి. కావున ఒకే ముఖద్వారమునొద్ద నాలుగు మెట్లు దిగినవారి కొక దుకాణము, ఎక్కినవారి కింకొకటి లభించెను. పూలమొక్కలున్న చోట కాఫీబల్లలు వెలసెను. మన అరుగులమీద చిల్లర కొట్లు వెలసిన తీరు ఎఱిగినవారి కిది వింతగా తోపదు. బట్టల బీరువాల నడుమ పాతనాటి పాలఱాతి పొయ్యి, నునుపుదేఱిన మెట్లచేపట్టు కంటబడినపుడు మాత్రము, ఇచట నొక సంసారము నడచినదన్న తలంపు మనస్సును కలచును.

వర్తకము ఇంటిని చెఱచునని పెద్దలు చెప్పుదురు. ఇచట అదియే ఇంటిని నిలిపినదని నా నిశ్చయము. అద్దె రానిచో ఇంతటి మేడలను మరమ్మతు చేయించు వారెవరు? 1966లో ఏర్పడిన వాస్తుసంరక్షణ సంఘము సైతము ముఖభాగములను కాపాడుచున్నది.

అయినను ప్రాణము పునాదిలో నున్నది. పూడికనేల బరువు నోపదు గనుక, ఈ గోడలను భూమిలో దిగగొట్టిన కొయ్యదుంగలపై నిలిపిరి. నీటిలో మునిగియున్నంతకాలము దుంగ చెడదు. భూగర్భజలము తగ్గి గాలి సోకెనా, తల కుళ్లి గోడ క్రుంగును. అప్పుడు పునాదిక్రింద త్రవ్వి, కుళ్లిన తలలను కోసి, ఉక్కును కాంక్రీటును అమర్చవలసివచ్చును. ఆ జలమట్టమును గమనించుటకు 1986లో నొక ధర్మకర్తృసంస్థ నెలకొన్నది. అది నేటికిని బావులలో నీటిమట్టము కొలుచుచునే యున్నది.