పరికరానికి నంబరు ఎవరిస్తారు?



మీ ఇంటికి వచ్చిన ఉత్తరమో, బ్యాంకు కాగితమో ఒకటి చేతిలోకి తీసుకోండి. రాబర్ట్‌సన్‌పేటవారైతే 563122 అనీ, ఊరిగాంవారైతే 563120 అనీ దానిమీద ఉంటుంది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు అది. మొదటి అంకె 5 మనకూ, సరిహద్దు దాటితే కుప్పానికీ ఒక్కటే. 563 చూసి ఉత్తరాన్ని కోలారు వైపు పంపిస్తారు. ఏ పోస్టాఫీసుకు అన్నది చివరి మూడంకెలు చెబుతాయి.

కంప్యూటరు లోపల కూడా ఇలాంటి ఏర్పాటే ఒకటుంది. దాని కథే ఈనాటి ప్రసంగం.

కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. డిస్కు, కీబోర్డు, ప్రింటరు ఇలా ఒక్కో రకం పరికరానికి అందులో ఒక్కో డ్రైవరు ఉంటుంది. డ్రైవరంటే మన ముళబాగిలు బస్సు నడిపే ఆయన కాదు లెండి. ఆ పరికరం భాష తెలిసిన చిన్న ప్రోగ్రాము.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. పరికరాన్ని కూడా ఒక ఫైలులాగే చూపాలన్నది వారి ఆలోచన. అయితే ఆ ఫైలులో సమాచారం ఉండదు, రెండు నంబర్లుంటాయి. 1974లో వారిద్దరూ ప్రచురించిన వ్యాసంలో ఈ జంట నంబర్ల వివరం ఉంది. మేజర్ నంబరు ఏ డ్రైవరో చెబుతుంది. ఆ డ్రైవరు కింద ఉన్నవాటిలో ఏ పరికరమో మైనర్ నంబరు చెబుతుంది. కెర్నెల్ మేజరును చూసి పని అప్పగించేస్తుంది. మైనరు సంగతి డ్రైవరే చూసుకోవాలి.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రాసినప్పుడు ఈ పద్ధతినే తీసుకున్నారు. ఒక్కో నంబరుకు 8 బిట్ల చోటు, అంటే 0 నుంచి 255 దాకా. చాలుననుకున్నారు, చాలలేదు. స్కజీ డిస్కుల సంగతే చూడండి. ఒక్కో డిస్కుకు దాని భాగాలతో కలిపి 16 మైనర్లు కావాలి. అంటే ఒక మేజరు కింద పట్టేది 16 డిస్కులే. వాటికి మొదట 8వ నంబరు ఇచ్చారు. తరువాత 65 నుంచి 71 దాకా, 128 నుంచి 135 దాకా కూడా రాసివ్వాల్సి వచ్చింది. ఒక్క డ్రైవరుకు 16 మేజర్లు!

ఈ పట్టీని హెచ్. పీటర్ ఆన్విన్ నిర్వహించేవారు. కొత్త డ్రైవరు రాసినవారు నంబరు కోసం అర్జీ పెట్టుకోవాలి. 240 నుంచి 254 వరకు మాత్రం ఎవరి పేరా రాయకుండా సొంత వాడకానికి, ప్రయోగాలకు వదిలారు. మన ఊళ్ళలో గోమాళం లాంటిదన్నమాట. అక్కడ ఇద్దరు ఒకే నంబరు ఎంచుకుంటే రెండో డ్రైవరును కెర్నెల్ చేర్చుకోదు.

2001 ఫిబ్రవరి 28న మన బంగారు గనులు మూతపడ్డాయి. అదే ఏడు మే నెలలో, టోర్వాల్డ్స్ కోరిక మేరకు కొత్త నంబర్ల కేటాయింపు ఆపేస్తున్నట్టు ఆన్విన్ ప్రకటించారు. ఇంతకంటే మంచి దారి దొరకాలన్నది ఉద్దేశం. డ్రైవర్లు రాసేవారికి ఇబ్బందే అయినా, నా మటుకు నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

సగం దారి అప్పటికే ఉంది. డ్రైవరు ఫలానా నంబరు కావాలనకుండా సున్నా అని చెబితే, ఖాళీగా ఉన్నదొకటి కెర్నెలే వెతికి ఇస్తుంది. చిక్కల్లా ఇక్కడే. నిన్న 254 దొరికిన డ్రైవరుకు ఇవాళ 253 దొరకవచ్చు. నిన్నటి నంబరుతో చేసిపెట్టిన ఫైలు మాత్రం అలాగే ఉంటుంది. దానిలోకి రాసింది ఇవాళ వేరే పరికరానికి పోతుంది. తప్పు ఇంటికి పోయిన ఉత్తరం తిరిగి వస్తుందేమో గాని, డిస్కు మీద పడిన తప్పు రాత అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది.

2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ తెచ్చిన యూడెవ్ ఈ చిక్కును విప్పింది. పరికరం రాగానే కెర్నెల్ దాని నంబరు చాటుతుంది. యూడెవ్ విని, అప్పటికప్పుడు సరైన పేరుతో ఫైలు తయారు చేసేది. నంబరు మారినా పేరు మారదు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో మేజరుకు 12 బిట్లు, మైనరుకు 20 బిట్లు ఇచ్చారు. 4,096 మేజర్లు, ఒక్కోదాని కింద పది లక్షల పైచిలుకు మైనర్లు.

పాత నంబర్లను మాత్రం కదిలించలేదు. మన దగ్గరా అంతే కదా. చింతామణి 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళింది, దాని పిన్‌కోడు ఇంకా 563125. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని లోపలిది లినక్స్ కెర్నెలే. ఏం రాసినా మింగేసే 'నల్' అనే ఉత్తుత్తి పరికరం ఒకటి అందులో ఉంటుంది. దాని మేజరు 1, మైనరు 3. అడిగినన్ని సున్నాలిచ్చే దాని పొరుగు 'జీరో'కు 1, 5.