ఫీజు సహాయమునకు కొలబద్ద: పేదఱికమా, పితృనివాసమా?



మన చంపాపేటకు అనతిదూరమున, సరూరునగరు ప్రాంతమున, విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమము కలదు. 1901 లో గతించిన విక్టోరియా రాణి స్మృత్యర్థము ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కాలమున నది వెలసెను. నేఁడు మెట్రో స్టేషనొకటి యా పేరు ధరించియున్నది. అనాథ యగుటయే యచ్చటి బిడ్డకు అర్హత. ప్రభుత్వధనమున కర్హు లెవరను ప్రశ్నము మఱెన్నఁడును ఇంత సులభముగాఁ దీఱలేదు.

మద్రాసు రాజధానిలోని తెలుఁగు జిల్లాలలో 1854 నాఁటి వుడ్డు దొరగారి విద్యాపత్రము ననుసరించి గ్రాంటు పద్ధతి యేర్పడెను. స్థానికులు కొంత సొమ్ము కూర్చినచోటనే సర్కారు తోడ్పడును. ఏమియు లేని పల్లెకు ఏమియు రాదు. హైదరాబాదున 1918 లో వెంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి హాస్టలు వెలసెను. అట్టి కులవసతిగృహములను గూర్చి మనము గర్వింపవచ్చును. కాని, దాతలు గల కులమునకే హాస్టలు గలుగు ననుటయు నిజమే కదా!

2008 ప్రాంతమున రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము పేద విద్యార్థుల ఫీజును తానే చెల్లించు పద్ధతిని విస్తరించెను. ఇంటి యాదాయము కొలబద్ద యయ్యెను. వ్యయము పెరుఁగఁగా, 2012 లో, ఇంజనీరింగు చదువు వెనుకఁబడిన తరగతులవారిలో 10,000 లోపు ర్యాంకువారికే పూర్తి ఫీజనియు, తక్కినవారికి 35,000 రూపాయల వఱకే యనియు నిర్ణయించిరి. ర్యాంకు తెలివిని కొలుచునేమో గాని లేమిని కొలువదు.

అసలు వివాదము రాష్ట్రవిభజనానంతరము చెలరేఁగెను. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వము 'ఫాస్ట్' అను పథకమును బ్రకటించి, 1956 నవంబరు 1 నాఁటికి ఈ ప్రాంతమున నివసించిన కుటుంబములవారికే సహాయమనెను. 1974 నాఁటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము ప్రవేశములకు నాలుగేండ్ల చదువో నివాసమో చాలును. సహాయమునకు మాత్రము తాత యూరు చూడవలసివచ్చెను. మన సొమ్ము మన బిడ్డలకే యనుట తెలంగాణమువారి వాదము. ఏండ్లతరబడి నిధులలోఁ దమకు జరిగిన యన్యాయము దాని వెనుక నుండెను. దానిని తేలికగాఁ ద్రోసివేయరాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 58 పాళ్లు తాము భరింతుమనినను సంధి కుదురలేదు. విజయవాడ బాట వెంబడి దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు ఇరుప్రాంతముల కుటుంబములును గోడకు గోడగా నివసించుచున్నవి. ఇక్కడనే పుట్టి, ఇక్కడనే చదివి, తండ్రి కూలిపై బ్రదుకు బిడ్డ యెవ్వరివాఁడు? 1956 నాఁటి నివాసపత్రము తెలంగాణపు పేదయింటను దొరకుట దుర్లభము. కౌలుదారునకును కూలివానికిని కాగితము లెక్కడివి? హైకోర్టు ఈ నియమమును బ్రశ్నించెను. 2015 లో ప్రభుత్వమే దానిని విరమించుకొని పూర్వపద్ధతిని జేపట్టెను.

అంతటితో తగవు తీఱెనా? పిమ్మట వచ్చినది బకాయిల గొడవ. ప్రభుత్వములు మాఱినను కళాశాలలకుఁ జేరవలసిన సొమ్ము ఏండ్లకేండ్లు నిలిచిపోవుచు వచ్చెను. ఫీజు ముట్టనిదే పట్టా యీయమను యాజమాన్యములును గలవు. అట్టిచోట తండ్రి అప్పు తెచ్చి పట్టా విడిపించుకొని, ఆపై సర్కారు సొమ్ముకై యెదురుచూచుచుండును.