మొగలిపొద

ఉద్దానపు తీరమున మొగలి యెరుగని వారుండరు. రంపపు పండ్లవంటి ముండ్లుగల పొడవైన ఆకులు, కొయ్యకాళ్లవలె కాండమునుండి ఇసుకలోనికి దిగిన ఊడలు: ఇవియే దాని గుర్తులు. భావనపాడు మొదలు సోంపేట దాటువరకును ఇది తోటలకు కంచె. ఆకు ముండ్లు చీల్చి యెండబెట్టినచో చాప. ఊడ చితుకగొట్టినచో నార. పూరేకులు ఆడువారి జడలలోనికిని, బట్టల పెట్టెలలోనికిని పోవును.

ఇట్టి యుపకారికి మనవారిచ్చిన ప్రతిఫలము రెండపవాదములు. బ్రహ్మపక్షమున అబద్ధసాక్ష్యము చెప్పినదని పురాణము దీనిని శివపూజకు వెలివేసినది. వాసనకు పాములు చేరునని లోకము వెరచినది. ముండ్లలో మనుష్యుడు చేయిపెట్టలేడు గనుక ఎలుకకును పామునకును అది క్షేమమైన తావు. ఇందు వాసన చేసిన నేరమేమియు లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు టెక్కలి, సోంపేట ప్రాంతములు గంజాం జిల్లాలోనివే. ఇసుక యొకటే, పొద యొకటే. అయినను కేవడా యత్తరు పేరు సరిహద్దుకు ఆవలనున్న గంజామునకే దక్కినది. అచట వానకాలమున తెల్లవారకమునుపే పూలు కోసి, నాడే రాగి డేగిసాలలో నీటితో కాచి, ఆవిరిని వెదురు గొట్టముద్వారా చందనతైలమునకు పట్టింతురు. ఆ పనితనము కనౌజు అత్తరువారిది. గంజాం కేవడాకు భౌగోళిక గుర్తింపుకూడ లభించినది.

ఇందొక చిత్రమున్నది. మొగలిలో ఆడ, మగ పొదలు వేరు. పరిమళము మగపూవుదే, ఆడపొద అనాసవంటి కాయను మాత్రము కాయును. కావున వ్యాపారి మగపొదనే కొమ్మ నాటి పెంచును. ఇసుకను పట్టి నిలుపుటలో మాత్రము రెంటికిని భేదము లేదు. ఆ పనికి వెల యెవ్వరును కట్టలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. కూలిన కొబ్బరిచెట్లను లెక్కించిరి. గాలికి ఇసుక తోటలమీదికి రాకుండ తరతరములుగా అడ్డునిలిచిన పొదను లెక్కింపవలెనని తోచినవారు అరుదు.

భావనపాడు పేరిట తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19న మూలపేటవద్ద శంకుస్థాపన జరిగినది. రేవు రావలదని నేననను. ఈ తీరపు యువకులు పనికై దూరదేశములకు పోవుట చూచినవాడెవ్వడును అనడు. కాని దిబ్బ చదునుచేయువారు మొదట నరకునది ఈ పొదనే. అది మగదో ఆడదో అప్పుడెవ్వరును చూడరు.