తెలుగులో యుద్ధగజ పదజాలం – పారశీక సంబంధం: ఒక పరిశీలన

కృష్ణానదికి ఉత్తరాన అమరచింత, దక్షిణాన గద్వాల నడిగడ్డ, దానికి పడమర రాయచూరు ఉన్నాయి. బహమనీ, విజయనగర, బీజాపూరు రాజ్యాలు పోటీపడిన ఈ సీమ తరువాత నిజాం ఏలుబడిలోకి వచ్చింది. పాలనతోపాటు పారశీక పదాలూ తెలుగులో ప్రవేశించాయి. గజబలానికి సంబంధించిన పదాలలో అంబారీ, హౌదా, ఫీల్‌ఖానా ఇటువంటివే. వీటిని బట్టి గజయుద్ధ విద్యను కూడా పారశీకుల నుండి గ్రహించామని భావించవచ్చునా? ఈ ప్రశ్నను చరిత్ర, పదచరిత్రల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

పారశీక సైన్యంలో ఏనుగుల ప్రస్తావన క్రీ.పూ. 331 నాటి గౌగమేలా యుద్ధ సందర్భంలో కనిపిస్తుంది. మూడవ డేరియస్ పక్షాన సింధునదికి పశ్చిమాన నివసించే భారతీయులు సుమారు 15 ఏనుగులను తెచ్చారని అరియన్ వ్రాశాడు. తరువాత సెల్యూకస్‌కు చంద్రగుప్త మౌర్యుడు 500 ఏనుగులను ఇచ్చాడు. సాసానీయులు అరబ్బులపై కాదిసియ్యా యుద్ధంలోనూ గజబలాన్ని వినియోగించారు. అంటే ఏనుగు భారతదేశం నుండి పడమటికి నడిచింది. చతురంగ శబ్దం పారశీకంలో 'చత్రంగ్' కావడం, ఆ ఆటలో ఏనుగు 'పీల్' కావడం ఇదే దిశను సూచిస్తాయి.

తెలుగు పదాలలో రెండు పొరలు ఉన్నాయి. 'ఏనుగు' ద్రావిడ పదం. తమిళ 'యానై', కన్నడ 'ఆనె' దాని సోదర రూపాలు. 'మావటి' సంస్కృత 'మహామాత్ర' శబ్దభవం. 'అంకుశం' తత్సమం. జంతువును, దానిని నడిపే మనిషిని, నడిపే పనిముట్టును తెలిపే మాటలు ఈ నేలవే. రెండవ పొరలోని 'హౌదా'కు మూలమైన అరబ్బీ 'హౌదజ్' మొదట ఒంటెపై అమర్చే పల్లకి. 'అంబారీ' కూడా వాహనంపై కూర్చునే పీఠమే. 'ఫీల్‌ఖానా' గజశాలకు పాలకులు పెట్టిన పేరు. హైదరాబాదులో బేగంబజారు ప్రాంతంలో ఆ పేరు నేటికీ వినిపిస్తుంది. కనుక పారశీక పొర ఆసనానికి, ఆడంబరానికి, కార్యాలయానికి చెందినది. విద్యకు చెందినది కాదు.

చారిత్రక ఆధారాలు దీనిని బలపరుస్తాయి. మాలిక్ కాఫుర్ దండయాత్ర అనంతరం ప్రతాపరుద్రుడు సమర్పించిన కప్పంలో 100 ఏనుగులు ఉన్నాయని పారశీక భాషలో వ్రాసిన చరిత్రకారుడు బరనీ పేర్కొన్నాడు. ఓరుగల్లు గజశాల ఢిల్లీకి ఆశించదగిన సంపద అయింది. కాకతీయుల 'రాయగజకేసరి' బిరుదులో శత్రురాజు ఏనుగుగా, విజేత సింహంగా కనిపించడం కూడా ఏనుగుకు ఉన్న ప్రతిష్ఠను తెలుపుతుంది. 1520 నాటి రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల పక్షాన 551 ఏనుగులు ఉన్నాయని, వాటి దంతాలకు పదునైన కత్తులు కట్టారని, వీపుపై యోధులు నిలిచి పోరాడారని పోర్చుగీసు రచయిత నూనిజ్ వ్రాశాడు. ఏనుగులను, గుర్రాలను దిగుమతి చేసే వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండా చూడాలని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం సూచిస్తుంది.

అయితే అదే రాయచూరు యుద్ధంలో ఫిరంగులు కూడా మోగాయి. అగ్న్యస్త్రాల వాడకం పెరిగేకొద్దీ ఏనుగు దాడిచేసే శక్తిగా వెనుకబడి, ఊరేగింపుల వాహనంగా మిగిలింది. అంబారీ, హౌదా వంటి మాటలు నేటి తెలుగులో ఎక్కువగా ఉత్సవ సందర్భాలలోనే వినిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఈ పరిశీలన వల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. అన్యదేశ్య పదాల సంఖ్యను బట్టి విద్య ఎక్కడి నుండి వచ్చిందో నిర్ణయించడం సరికాదు. ఏ పదం పనిని తెలుపుతుందో, ఏది హోదాను తెలుపుతుందో వేరుచేసి చూసినప్పుడే పదచరిత్ర చరిత్రకు విశ్వసనీయమైన ఆధారం కాగలదు.