కన్నులు లేని కన్నతల్లులు

దివిసీమయందలి కోడూరులో మా బంధువుల యింట జరిగిన యొక శుభకార్యమునకు పోయినపుడు ఒక చిన్న సంభాషణము మా చెవిని బడినది. పందిటిలో పీటపై గూర్చుండి యొక యువతి తన రెండేండ్ల కుమారునకు పెరుగన్నము తినిపించుచుండెను. ఆమె పుట్టుకతోడనే చూపు లేనిది. చదువుకొని పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. ప్రక్కనున్న పెద్ద ముత్తైదువ యొకతె కొంతసేపు తేరిపార జూచి, "పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారే అమ్మాయ్?" అని యడిగెను. "నేనే పిన్నిగారూ" అని యామె బదులు చెప్పెను. "అది సరేలే, అసలు చూసుకునేదెవరూ?" అని పెద్దామె మరల నడిగెను. ఆ ప్రశ్నలో ద్వేషము లేదు. నిజమైన జాలియే యున్నది. అయినను మొదటి సమాధానమును ఆమె సమాధానముగా నెంచలేదు.

చూచుకొనుట యను మాటలోనే చూపు ఇమిడియున్నది. బిడ్డను సాకుటకు, రోగికి పరిచర్య చేయుటకు, ఇల్లు చక్కబెట్టుటకు మనము వాడు మాట యదియే. అంతేకాదు, కనుట యనిన మన భాషలో చూచుటయగును, ప్రసవించుటయు నగును. ఈ రెండర్థములు ఒకే ధాతువున గలిసినవో, రెండు ధాతువులు ఒకే రూపము దాల్చినవో శబ్దశాస్త్రజ్ఞులు తేల్చవలెను గాని, వాడుకలో మాత్రము అవి యొకదానినొకటి వదలుట లేదు. కన్నతల్లి యనినంతనే కన్నులుగల తల్లియే మన మనస్సున మెదలుచున్నది. కన్నులు లేని కన్నతల్లిని మన పూర్వులెట్లు భావించిరి, ధర్మశాస్త్రమామెకేమి విధించినది, నేటి చట్టమెంతవరకు మారినది యను విషయమును ఇచ్చట కొంత విచారింపదలచితిమి.

మనకందరకు దెలిసిన అంధమాత యొకతె కలదు: శ్రవణకుమారుని తల్లి. వాల్మీకి రామాయణమున అంధులైన తలిదండ్రులు ఆశ్రమమున గూర్చుండి కుమారుడు తెచ్చు నీటికై నిరీక్షింతురు. కావడి యాత్ర పిమ్మటి కథలలోనిది. కాని జనుల మనస్సున నిలిచినది ఆ కావడియే. ఒక బుట్టలో తండ్రి, రెండవ బుట్టలో తల్లి, నడుమ పుత్రుని భుజము. చూపులేని తల్లి యనిన మోయదగిన బరువని ఆ చిత్రము తరతరములుగా మనకు బోధించినది. ఆ తల్లికి చూపెప్పుడు పోయినదో కథ చెప్పదు. మొదటినుండియు లేకున్నచో, కావడి మోయు వయసు వచ్చువరకు ఆ బిడ్డను మోసినదెవరు? అంతటి పితృభక్తిగల కుమారుని పెంచి పెద్దచేసినదెవరు? పురాణము చెప్పువారు గాని వినువారు గాని ఈ ప్రశ్న వేయగా మేము వినలేదు.

కథలనుండి శాస్త్రమునకు వత్తము. యాజ్ఞవల్క్యస్మృతి దాయమునకు అనర్హులైన వారిని పేర్కొనుచు అంధులను గూడ ఆ పట్టికలో జేర్చినది. వారికి గ్రాసవాసములు జరుపవలెను గాని భాగమీయ నక్కరలేదు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, 11వ శతాబ్ది చివరను 12వ శతాబ్ది మొదటను వర్ధిల్లిన విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఈ నియమమును వ్యాఖ్యానించుచు, స్మృతి పుంలింగమున జెప్పినను అది పురుషులకే పరిమితము గాదనియు, భార్యకును కూతునకును తల్లికిని గూడ వర్తించుననియు నిర్ణయించెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. హక్కులనిచ్చునపుడు పుంలింగము పుంలింగముగనే నిలిచి, తీసివేయునపుడు మాత్రము ఉభయులకును జెల్లుచున్నదేమో యని మాకు అనుమానము కలుగకపోలేదు. అయినను స్త్రీధన విషయమున మితాక్షర ఉదారమైనదే యని యొప్పుకొనవలెను.

ఆ శాస్త్రమే మరికొన్ని మాటలు చెప్పినది. అనర్హులకు బుట్టిన కుమారులు నిర్దోషులైనచో వారికి భాగము కలదు. విభాగమైన పిమ్మట చూపు పోయినచో పొందిన భాగము పోదు. చికిత్సచే దోషము తొలగినచో భాగము వచ్చును. అనగా అంధులు పెండ్లాడుదురు, బిడ్డలను గందురు, కొందరికి చూపు వచ్చును, కొందరికి పోవును అను లోకవృత్తమును ఆ పండితులు బాగుగ నెరుగుదురు. అంధురాలు తల్లి యగుట వారికి వింతగా దోచలేదు. ఆమె చేతిలో ఆస్తి యుండుట మాత్రమే వారికి సమ్మతము గాదు. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున న్యాయస్థానములు ఈ నిషేధము పుట్టుగ్రుడ్డితనమునకే చెల్లునని సాధారణముగా తీర్పులిచ్చి దాని వ్యాప్తిని తగ్గించినవి. మశూచికముచే బాల్యమున కన్నులు పోగొట్టుకొన్నవారికి దీనివలన మేలు గలిగినది. తుదకు 1928లో హిందూ వారసత్వ అనర్హతల నివారణ చట్టము వచ్చినది. జన్మతః ఉన్మాదులు, బుద్ధిహీనులు తప్ప మరెవ్వరిని రోగమునుబట్టి గాని అంగవైకల్యమునుబట్టి గాని దాయమునకు దూరము చేయరాదని యది విధించినది. దాయభాగము ననుసరించు వంగదేశమునకు అది వర్తింపలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ మిగిలిన భేదమును గూడ దీసివేసినది. గ్రాసవాసములనుండి భాగమువరకు వచ్చుటకు మన సమాజమునకు ఎన్ని శతాబ్దములు పట్టినవో పాఠకులే లెక్కింపవచ్చును.

అంధుడైన పురుషుని మాట వేరు. ధృతరాష్ట్రునకు చూపు లేమిచే రాజ్యము తప్పినది గాని పెండ్లి తప్పలేదు. గాంధారి తన కన్నులకు తానే గంత గట్టుకొని యతనికి భార్యయయ్యెను. నూర్గురు కుమారులు గలిగిరి. ఆ స్థానమున అంధురాలైన రాజపుత్రియు, ఆమెకై కన్నులు గట్టుకొను రాజపుత్రుడును ఉన్నట్లు మన పురాణములలో మాకు కనబడలేదు. పురుషునకు భార్య వచ్చుట సేవ లభించుటగాను, స్త్రీకి భర్త దొరకుట సేవ ప్రారంభించుటగాను మనమెంచితిమి. కావున చూపులేని పురుషునకు పెండ్లి సహాయముగను, చూపులేని స్త్రీకి పెండ్లి అసాధ్యముగను దోచినవి.

ఈ భావము మనదేశమునకే పరిమితము గాదు. లోకమంతయు గొనియాడిన హెలెన్ కెల్లర్ కథ చూడుడు. చూపును వినికిడియు లేని యామె 1903లో ఆత్మకథ ప్రకటించి దేశదేశముల ఖ్యాతి గాంచెను. 1955లో మనదేశమునకు గూడ వచ్చెను. అట్టి విదుషీమణి 1916లో పీటర్ ఫేగన్ అను యువకుని వివాహమాడదలచినపుడు ఆమె కుటుంబమువారే ఆ పెండ్లిని చెడగొట్టిరి. అప్పటి కామెకు 36 సంవత్సరములు. గ్రంథములు వ్రాయుటకు, సభలలో ఉపన్యసించుటకు అనుమతించిన లోకము కాపురము చేయుటకు అనుమతింపలేదు. ప్రజ్ఞను మెచ్చుకొనుట తేలిక. నీకును మావంటి సామాన్య జీవనము తగునని యొప్పుకొనుట కష్టము.

మనదేశమున అంధుల పాఠశాలల చరిత్రలోను ఈ లోపము కనబడుచున్నది. 1887లో అమృతసరమున ఆనీ షార్ప్ అను మిషనరీ స్త్రీ మొదటి పాఠశాలను స్థాపించెను. 1890లో పాలయంకోటలో మిస్ ఆస్క్విత్, 1900లో బొంబాయిలో మిస్ మిల్లర్డ్ పాఠశాలలు నెలకొల్పిరి. ముగ్గురును స్త్రీలే యగుట గమనింపదగినది. బుట్టలల్లుట, కుర్చీలకు పేము అల్లుట, సంగీతము - ఇట్టి పాఠశాలలలో నేర్పిన వృత్తులు సాధారణముగా నివి. పొట్టకూటికి దారి చూపుటే వారి యుద్దేశము. అదియే యానాడు గొప్ప మేలు. బ్రెయిలీ లిపిలో మన భాషలకు ఒక్కొక్కచోట నొక్కొక్క పద్ధతి యుండి చిక్కులు పెట్టుచుండగా, 1951లో భారతి బ్రెయిలీ యేర్పడి ఆ బాధ తీరినది. తెలుగు బాలిక గుంటూరున నేర్చిన అక్షరములు హైదరాబాదున పనికిరావన్న భయము తరువాత లేకపోయినది.

ఉద్యోగము, కాపురము, లోకుల చిన్నచూపు - ఈ మూటిని ఏకకాలమున మోసిన తల్లులు ఆసియాఖండముననే యుండిరి. 1914లో జన్మించిన ఫాతిమా షా ఢిల్లీలో వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు, బిడ్డల తల్లి. దేశవిభజనానంతరము కరాచీలో నివసించుచుండగా 1950ల నడుమ నామె కన్నులు పోయినవి. వైద్యవృత్తి యంతటితో సరి. ఇంటిలో నొకమూల గూర్చుండు మనువారు చెప్పకయుండుదురా? ఆమె బ్రెయిలీ నేర్చుకొనెను. 1960లో పాకిస్తాను అంధుల సంఘమును స్థాపించెను. 1964లో నేర్పడిన అంతర్జాతీయ అంధుల సమాఖ్యకు పిమ్మట అధ్యక్షురాలయ్యెను. మరియొకతె అమెరికాదేశపు జెనెవీవ్ కాల్‌ఫీల్డ్. శైశవముననే చూపు పోయిన యీమె జపానునకు బోయి ఆంగ్లము బోధించుచు, అవివాహితగనే యుండి యొక జపాను బాలికను పెంచుకొనెను. 1930ల చివర బ్యాంకాకులో అంధుల పాఠశాల నెలకొల్పెను. 1961లో మెగసెసే బహుమానము నందెను. పెంపుడుతల్లి యగుటకు గూడ చూపు ఆవశ్యకము గాదని యామె జీవితము చూపినది.

మన మచిలీపట్టణపు ప్రాంతమున బుట్టిన శ్రీకాంత్ బొల్లా పేరు నేడు వినని వారరుదు. పుట్టినపుడు బిడ్డను వదలివేయుమని తన తలిదండ్రులకు సలహా చెప్పినవారుండిరని ఆయనయే చెప్పియున్నాడు. విజ్ఞానశాస్త్రము చదువుటకై న్యాయస్థానము నాశ్రయించి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించెను. 2024లో ఆయన కథ హిందీ చలనచిత్రముగ వచ్చినది. ఆ వార్త విని దివిసీమలో చూపులేని కుమారులుగల తలిదండ్రులకు ధైర్యము గలిగియుండును. చూపులేని కుమార్తె గలవారు మాత్రము చదువు చెప్పించిన పిమ్మట పెండ్లి మాట వచ్చినప్పుడు మరల మొదటికే వత్తురు. 2011 జనాభా లెక్కలలో చూపు లోపమున్నవారు దేశమున 50 లక్షలకు పైబడిరి. అందు స్త్రీలు సుమారు 24 లక్షలు. చిన్న సంఖ్య గాదు.

ఉద్యోగముల విషయమున చట్టము కొంత ముందుకు నడిచినది. 1995 నాటి చట్టమును, దాని స్థానమున వచ్చిన 2016 నాటి చట్టమును ప్రభుత్వోద్యోగములలో నూటికొకటి దృష్టిలోపము గలవారికి ప్రత్యేకించినవి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చూపులేమినిబట్టి న్యాయాధికారి పదవిని నిరాకరింపరాదని తీర్పు చెప్పినది. ఆ విచారణకు మూలము చూపులేని యొక యభ్యర్థి తల్లి వ్రాసిన లేఖ.

తల్లితనమునుగూర్చిన చట్టమే వెనుకబడినది. 2010లో అమెరికా దేశమున మిస్సోరీ రాష్ట్రములో అంధదంపతులకు బిడ్డ పుట్టిన రెండవ దినముననే, వారు పెంచలేరని యధికారులా పసికందును తీసికొనిపోయిరి. నేరమేమియు లేదు, చూపు లేకపోవుటయే కారణము. 57 దినములకు గాని బిడ్డ తల్లి యొడికి చేరలేదు. ఇట్టివి జరుగకుండుటకే 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 23వ అధికరణము, బిడ్డ వైకల్యమునుబట్టి గాని తలిదండ్రుల వైకల్యమునుబట్టి గాని వారిని విడదీయరాదని విధించినది. 2007లో భారతదేశ మా యొడంబడికను ధ్రువపరచినది. కాని మన 2016 నాటి చట్టముయొక్క 9వ సెక్షను చదివినచో, వైకల్యముగల బిడ్డను తలిదండ్రులనుండి విడదీయరాదని మాత్రమే యున్నది. వైకల్యముగల తల్లినుండి బిడ్డను విడదీయరాదన్న సగము అందులో లేదు. ఒడంబడికలో రెండు సగములు నుండగా మనవారొక సగమునే యేల తీసికొనిరో శాసనకర్తలే చెప్పవలెను. మనదేశమున ఈ పని చేయుటకు అధికారు లక్కరలేదు, అత్తమామలే చాలుదురని యొక మిత్రుడు మాతో ననెను. ఆ మాట వినుటకు కఠినముగ నున్నను త్రోసివేయుటకు మాకు నోరు రాలేదు.

చూపులేని తల్లి చేతిలో బిడ్డకు అపాయమను భయముగూర్చి యొకమాట. ఈ కృష్ణాడెల్టాలో ఊరూర కాలువ లున్నవి. కాలువగట్టున కాపురమున్న ప్రతి తల్లికిని, కన్నులున్నను లేకున్నను, ఆ భయము తప్పదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివైచినపుడు వేలకొలది జనులు మరణించిరి. వారిలో ఎక్కువమందికి చూపున్నది. లేనివి ముందు హెచ్చరిక, ఎత్తైన గట్టి కట్టడములు. బిడ్డ క్షేమము తల్లి కన్నులపైననే యాధారపడినదన్నచో ఆ రాత్రి సంగతి యేమనవలెను?

కోడూరు పందిటిలోని యుపాధ్యాయినిని మేము తరువాత పలుకరించి, దినచర్య యెట్లు జరుగునని యడిగితిమి. ఆమె మామూలు సంగతులవలె చెప్పెను. అన్నము పెట్టునపుడు ఎడమచేతి వ్రేలు బిడ్డ గడ్డమున కానించిన నోరెక్కడనున్నదో తెలియును. జ్వరము పెదవులను నుదుట నానించిన తెలియును. మందు పోయు గొట్టమునకు గంటు పెట్టుకొన్నచో కొలత తప్పదు. పప్పుల డబ్బాలు చేతి స్పర్శకు తెలియును. అన్నముడుకు చప్పుడు మారును. పాఠశాల పుస్తకములు చదువుటకు సెల్‌ఫోను మాటలాడును. బిడ్డ కాళ్లకు మువ్వలు కట్టినది. వీధి తలుపునకు గడియ యెప్పుడును వేసియుండును. కష్టమెక్కడ నని యడుగగా, "ఇంట్లో పెద్ద ఇబ్బందేమీ లేదండీ. బడిలో ఎవరైనా వచ్చి పిల్లాడెలా ఉన్నాడని నన్నడగరు, నా పక్కనున్నవాళ్లనడుగుతారు" అని నవ్వెను.

మేమట్లు మాటలాడుచుండగా నామె హఠాత్తుగ నాగెను. మువ్వల చప్పుడు వినబడుట లేదు. లేచి నాలుగడుగులు తిన్నగ నడచి, తాంబూలపు పళ్లెము ప్రక్కన కిమ్మనక కూర్చున్న కుమారుని పట్టుకొని, నోటిలో వ్రేలు పెట్టి వక్కపలుకు బయటికి దీసెను. ఆ పళ్లెమునకు మూరెడు దూరముననే యా పెద్ద ముత్తైదువ కూర్చుండి యున్నది. ఆమె యేమియు ననలేదు. పళ్లెమును తన కవతలివైపునకు జరిపి, కొంచెము ప్రక్కకొదిగి, తన పీటపై చోటిచ్చెను.