మందులకు లొంగని బ్యాక్టీరియా: గుర్తింపు, నిర్మూలన, హైదరాబాద్

రోగకారక బ్యాక్టీరియాను చంపడానికి గాని, దాని పెరుగుదలను ఆపడానికి గాని ఇచ్చే మందు తగిన మోతాదులో వాడినా పనిచేయని స్థితిని యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మంది మరణానికి ఈ నిరోధకతే నేరుగా కారణమని, 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. దీన్ని ఎదుర్కొనే సాధనాలు రెండు తెగలు: ఏ మందు ఏ బ్యాక్టీరియాపై పనిచేస్తుందో ముందుగా తేల్చేవి మొదటి తెగ, సూక్ష్మజీవులను చంపేవి రెండవ తెగ. మొదటి తెగ వెనకబడితే రెండవ తెగలో ఎంత గొప్ప మందు వచ్చినా కొన్నేళ్లలోనే దాని పదును తగ్గిపోతుంది. మందుల తయారీ, వాటిపై పరిశోధన, వాటి వ్యర్థాల వల్ల పుట్టిన నిరోధకత, ఈ మూడూ ఒకేచోట కనిపించే నగరం కావడం వల్ల హైదరాబాద్‌కు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

నగరంలో అఫ్జల్‌గంజ్ వద్ద మూసీ ఒడ్డున ఉన్న ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో నేలమట్టమైంది. ఆ స్థలంలోనే విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. యాంటీబయాటిక్‌లు లేని ఆ కాలంలో కలరా, టైఫాయిడ్ సూక్ష్మజీవులతో పోరు ప్రధానంగా నీటిశుద్ధి, మురుగు పారుదల పనుల మీదే ఆధారపడి ఉండేది. వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. సూక్ష్మజీవి శరీరంలోకి చేరకముందే అడ్డుకునే ఈ పద్ధతి నేటికీ అన్నిటికన్నా నిక్కమైనది, ఎందుకంటే సోకని జబ్బుకు మందు అక్కర లేదు, వాడని మందుకు నిరోధకత పుట్టదు.

నిరోధకతను గుర్తించే పరీక్షల్లో ఆసుపత్రి ప్రయోగశాలల్లో నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది బిళ్లల పరీక్ష. దీన్ని 1966లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బావర్, కిర్బీ, షెరిస్, టర్క్ ప్రామాణిక రూపానికి తెచ్చారు. వైద్యులు రాసే ‘కల్చర్ అండ్ సెన్సిటివిటీ’లో రెండో సగం సాధారణంగా ఇదే. రోగి మూత్రం, చీము లేదా రక్తం నుంచి పెంచిన బ్యాక్టీరియాను ఉప్పునీటి ద్రావణంలో కలిపి, ఆ మసక ఒక నిర్ణీత ప్రమాణానికి, అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియాకు, సరిపోయేలా చూస్తారు. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి, ముల్లర్-హింటన్ అగార్ అనే పోషక పదార్థం 4 మిల్లీమీటర్ల మందంతో పోసిన పళ్లెం మీద ఎక్కడా ఖాళీ మిగలకుండా మూడు దిక్కుల్లో రుద్దుతారు. ఆపై ఒక్కొక్క మందు నిర్ణీత మోతాదులో ఇంకిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలను పరిచి, 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచుతారు.

మందు బిళ్ల నుంచి చుట్టూ పాకుతూ దూరం పోయేకొద్దీ పలచబడుతుంది గనుక, బ్యాక్టీరియా లొంగేదైతే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని తేటవలయం ఏర్పడుతుంది. లొంగనిదైతే బూడిదరంగు పొర బిళ్ల అంచు దాకా వచ్చి ఆగుతుంది. వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ బ్యాక్టీరియాకు, ఆ మందుకు నిర్ణయించిన పట్టికతో పోల్చి ఫలితం రాస్తారు. వలయం పెద్దదైనంత మాత్రాన మందు మంచిదని అర్థం కాదు. రెండు మందుల వలయాలను ఒకదానితో ఒకటి పోల్చడం తప్పు, ఎందుకంటే ప్రతి మందూ అగార్‌లో తన సొంత వేగంతో పాకుతుంది. అగార్ మందం పెరిగితే వలయం కుదించుకుపోతుంది, తేమ తగిలి బిళ్లలోని మందు చెడితే లొంగే బ్యాక్టీరియా కూడా లొంగనిదిగా కనిపిస్తుంది. అందుకే గుణం ముందే తెలిసిన ఒక ప్రామాణిక బ్యాక్టీరియాతో బిళ్లలను పరీక్షించి చూసుకోవడం ప్రయోగశాలలకు నియమం. పెద్ద అణువు కావడం వల్ల అగార్‌లో సరిగా పాకని కొలిస్టిన్ అనే చివరి అస్త్రం వంటి మందుకు ఈ పరీక్ష పనికిరాదు. దానికి ద్రవ మాధ్యమంలో మందును సగం సగంగా పలచన చేస్తూ పోయి, పెరుగుదల ఆగిపోయే అత్యల్ప గాఢతను కనుక్కుంటారు. దీన్నే కనిష్ఠ నిరోధక గాఢత అంటారు.

బిళ్లల పరీక్షలోని లోటు కాలం. బ్యాక్టీరియా పెరగడానికి ఒక రోజు, బిళ్లల ఫలితానికి మరో రోజు పట్టగా, రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకిన రోగికి ఆలోగా వైద్యుడు అంచనాతోనే, తరచు విస్తృతశ్రేణి మందుతోనే, చికిత్స మొదలుపెట్టక తప్పదు. ఈ వ్యవధిని తగ్గించే ఆవిష్కరణల్లో ఒకటి 2012లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాట్రిస్ నార్డ్‌మన్ బృందం రూపొందించిన కార్బా ఎన్‌పీ పరీక్ష. కార్బాపెనెమ్ మందును బ్యాక్టీరియా ఎంజైము విరగ్గొట్టినపుడు ఆమ్లం పుడుతుంది, దానితో ఎర్రటి సూచక ద్రావణం రెండు గంటల్లోపే పసుపుకు తిరుగుతుంది. న్యూఢిల్లీ పేరుతో ప్రపంచానికి తెలిసిన ఎన్‌డీఎం-1 ఈ తరహా ఎంజైమే. క్షయ విషయంలో జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం కఫంలోని బ్యాక్టీరియాను, రిఫాంపిసిన్ మందుకు నిరోధకత కలిగించే జన్యుమార్పును రెండు గంటల్లో పట్టిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2010లో ఆమోదించింది. గోవాలో తయారై బ్యాటరీతో నడిచే ట్రూనాట్‌కు 2020లో ఆ ఆమోదం దక్కింది. చిన్న ఊళ్ల ఆరోగ్య కేంద్రాలకు ఇలాంటి యంత్రాల అవసరం ఎక్కువ.

చంపే సాధనాల చరిత్రలో తెలుగువారి పేరు ఒకటి మొదటి వరుసలో నిలుస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన కాలంలోనే, అక్కడి వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నేలలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ తెగకు అది తొలి మందు; 1948లో వైద్యలోకానికి వెల్లడైంది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. బ్యాక్టీరియా కణంలో ప్రొటీన్లు తయారయ్యే చోటును పట్టుకుని ఈ మందు దాని పెరుగుదలను ఆపుతుంది. బ్యాక్టీరియా దీనికి కనిపెట్టిన విరుగుళ్లలో ముఖ్యమైనది, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోసే ప్రొటీన్ పంపు.

పెనిసిలిన్ తెగ మందుల దారి వేరు. బ్యాక్టీరియాను చుట్టి ఉండే గట్టి కవచం చక్కెర అణువుల గొలుసులను పొట్టి ప్రొటీన్ ముక్కలతో అడ్డంగా కుట్టిన వలలాంటిది. ఆ కుట్లు పడకుండా పెనిసిలిన్ అడ్డుతగిలితే, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. అయితే కణం పెరగాలంటే పాత కుట్లను కొన్నిటిని తెంచి కొత్త గొలుసులకు చోటు ఇవ్వాలి, ఆ తెంచే పని ఏ ఎంజైములు చేస్తాయన్నది చాలాకాలం తేలలేదు. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ)లో మంజులా రెడ్డి బృందం 2012లో ఈ. కోలై బ్యాక్టీరియాలో అలాంటి మూడు ఎంజైములను గుర్తించింది. మూడింటినీ తొలగిస్తే ఆ బ్యాక్టీరియా పెరగలేదు. తరువాత వాటిలో మెప్‌ఎస్ అనే ఎంజైము మోతాదును కణం ఎలా అదుపులో ఉంచుతుందో కూడా వారు చూపారు. కుట్టును అడ్డుకునే మందులకు ఎనభై ఏళ్లుగా అలవాటుపడిన బ్యాక్టీరియాపై, తెంచడాన్ని అడ్డుకునే కొత్త మందులకు దారి చూపగల పని ఇది. ఈ కృషికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. ఎంజైము కనుగొనడం నుంచి మందు దాకా దూరం చాలా ఉన్నా, మౌలిక పరిశోధన లేకుండా ఆ ప్రయాణం మొదలే కాదు.

ఇదే నగరం అంచున కథ తిరగబడింది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థాలను స్వీకరించే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. కొన్ని బ్యాక్టీరియాకు హాని చేసే స్థాయికి ఇది వెయ్యి రెట్ల పైమాట. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర నదికి చేరేది. అంత మందులో మామూలు బ్యాక్టీరియా చచ్చి, నిరోధక జన్యువులున్నవే మిగిలి పెరుగుతాయి. పైగా ఆ జన్యువులను తమ జాతి కాని బ్యాక్టీరియాకు సైతం అందించగలవు. దిగువ మట్టిలో నిరోధక జన్యువులు, వాటిని మోసుకెళ్లే జన్యుభాగాలు మెండుగా ఉన్నట్టు 2011 నాటి మరో అధ్యయనం నిర్ధారించింది. మనుషుల ప్రాణాలు నిలిపే మందును చౌకగా ప్రపంచానికి అందించిన పరిశ్రమకు ఈ మురుగు తగని మచ్చ.

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ప్రకటించినా, 2021లో వెలువడిన తుది నిబంధనల్లో వాటికి చోటు దక్కలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మొదటిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. మందు ఏ స్థాయి దాటితే నిరోధక బ్యాక్టీరియాకు మేలు జరుగుతుందో లెక్కగట్టి, దానికి లోబడే మురుగు వదలాలన్నది వాటి సారాంశం. మోతాదును నానోగ్రాముల దాకా కొలవగల పరికరాలు ఇప్పుడున్నాయి గనుక, ఆ పరిమితులు పాటిస్తున్నారో లేదో కర్మాగారం గేటు దగ్గరే తేల్చవచ్చు.